రెండో ఏటి సత్తువ

నడిమిపల్లె, పాకాల దగ్గర
16-5-1943

తమ్ముడు జయరావుకు,

నీ కార్డు అందింది. ఒళ్ళు కాస్త తేరుకుందన్నావు, సంతోషం. అరవవాళ్ళ వంట నీకు పడినట్టుంది. ఇక్కడ నేనూ, మా అత్త గురవమ్మా ప్రభువు దయవల్ల బాగానే ఉన్నాము. అత్తకు మోకాళ్ళు తప్ప అన్నీ బాగా పనిచేస్తున్నాయి, నోరు మరీను.

ఒక సంగతి అడగాలని ఈ ఉత్తరం. సర్కారు ఫారంలో ఏ మడికి ఏ ఎరువు వేస్తే ఎంత పండిందో తూచి రాసేది నీ పని అని చెప్పావు కదా. అయితే నా సందేహం నువ్వే తీర్చాలి.

మా బావి చేను సంగతి నీకు సరిగా తెలియదు. మన పుట్టింట్లో ఇట్లాంటి ఏర్పాటు లేదు. మా మామ పోయినప్పుడు మెట్ట చేలు అన్నదమ్ములిద్దరికీ పంచారు. బావి కింద ఉన్న ఎకరన్నర మాత్రం పంచలేదు. ఉన్నది ఒక్క బావి, ఎద్దులతో నీళ్ళు తోడే ఒక్క కపిల, ఒక్క కాలువ. రెండుగా కోస్తే ఒక ముక్కకు నీళ్ళు పారవు. అందుకని ఉగాది నుంచి ఉగాదికి ఒక ఏడు మీ బావ, మరుసటి ఏడు మా మరిది సుందరరాజు సాగు చేసుకోవాలని పెద్దలు వంతు పెట్టారు. మీ బావ పోయాక ఆయన వంతు నాకు వచ్చింది. మొన్న ఉగాదితో నా ఏడు మొదలైంది.

ఈ వంతు చేనుకు ఎవరూ మనసుపెట్టి ఎరువు తోలరు. ఎవరి దిబ్బ వాళ్ళు సొంత మెట్టకే తోలుకుంటారు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందన్నట్టు ఆ చేను ఏటికేడు చిక్కిపోతోంది. ఈసారి నా దిబ్బలో ముప్పై బళ్ళ ఎరువు ఉంది. మెట్టకు తోలితే నాది నాకే ఉంటుంది. బావి చేనుకు తోలితే ఈ ఒక్క ఏడే నాది. కానీ యుద్ధం వచ్చి బర్మా బియ్యం ఆగిపోయాక వడ్లు పండించుకున్నవాళ్ళకే అన్నం. ఏం చేయమంటావు?

మీ బావ ఉన్నన్నాళ్ళూ ఇవి నేను ఆలోచించిన దాన్ని కాదు. ఇప్పుడు ఆలోచించడానికి ఈ ఇంట్లో ఇంకెవరూ లేరు. బాగా కనుక్కుని రాయి. ఊరికే పెద్ద మాటలు రాయకు.

నీ అక్క
సంతోషమ్మ

సర్కారు ఫారం, కోయంబత్తూరు జిల్లా
2-6-1943

అక్కకు జయరావు నమస్కరించి రాసేది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నన్ను ఒకరు సలహా అడగడం ఇదే మొదలు. ఇక్కడ అందరూ నాకు చెప్పేవాళ్ళే. మా ఆఫీసరు గారు కూడా టోపీ సర్దుకుంటూ "అది రాయి, ఇది రాయి" అంటారు తప్ప, నువ్వేమనుకుంటున్నావు అని ఒక్కనాడూ అడగరు.

అక్కా, పైరుకు నత్రజని అనే పదార్థం ముఖ్యం. ఆకు ముదురు పచ్చగా నలుపు తిరిగేది, పిలకలు పెట్టేది దానివల్లే. ఓడల్లో ఇంగ్లీషు సీమ నుంచి వచ్చే అమ్మోనియా ఉప్పులో అది దండిగా ఉంది. చల్లిన పదిరోజులకే మడి రంగు మారిపోవడం నేను కళ్ళారా చూశాను. యుద్ధం వల్ల ఆ ఉప్పు ఇప్పుడు దొరకదు. దొరకకపోతే ఏం? మన పశువుల ఎరువులో ఉన్నదీ అదే నత్రజని. పుస్తకం చూసి లెక్క కట్టాను. నీ ముప్పై బళ్ళలో ఉన్నది నాలుగు మూటల సీమ ఉప్పుతో సమానం. ఎకరన్నరకు నాలుగు మూటలు వేసిన మడి మా ఫారంలోనే లేదు. నీ పైరు కంకుల బరువుకు పడిపోతే నన్ను తిట్టకు.

కాబట్టి మెట్టకు గంపెడు కూడా తోలించకు. అంతా బావి చేనుకే. వంతు ఒక ఏడే కాబట్టి ఒక ఏటిలోనే దాన్నంతా పిండుకోవాలి. దిబ్బ అడుగు దాకా తవ్వించు. ఏమీ మిగల్చకు.

పంట కోశాక ఎన్ని మూటలైందో రాస్తే మా ఆఫీసరు గారికి చూపిస్తాను.

నీ తమ్ముడు
జయరావు

నడిమిపల్లె
9-1-1944

సర్కారు ఫారం పెద్ద దొరగారి సముఖానికి,

పంట ఎంతయిందో రాయమన్నావు కదా, రాస్తున్నాను. మీ ఆఫీసరుకు చూపించు.

సుందరరాజు తన ఎద్దుల బండి కట్టి ఆరు రోజులు తోలాడు. నువ్వు అడుగు దాకా తవ్వమన్నావు. కింది మాగిన ఎరువూ, పైన ఉన్న పచ్చిపేడా, గడ్డీ, శెనక్కాయ తొక్కూ అన్నీ కలిపి ముప్పై బళ్ళు చేనులో పడ్డాయి. ఆషాఢం దాటుతుండగా, ఆడినెలలో నాట్లు వేశాము. ఇరవై రోజులకు పైరు నలుపు తిరగలేదు నాయనా, పసుపు తిరిగింది. కామెర్లు వచ్చిన మనిషిలాగా చేనంతా పాలిపోయింది. దావన పోయేవాళ్ళు నిలబడి చూసి పోయారు. ఊరిపెద్ద పరంధామయ్య ఊరుకుంటాడా? "యేమ్మా సంతోషమ్మా, మీ తమ్ముడు పైరుకు ఎరువు యెయ్యమన్నాడా, బేదిమందు తాపమన్నాడా?" అన్నాడు.

కార్తీకానికి కాస్త కోలుకుంది. తీరా కోస్తే ఎప్పటి పంటే. ఒక్క మూట ఎక్కువ లేదు. అక్కడ మెట్టకు ఎరువు లేక శెనక్కాయ చెట్టుకు రెండు కాయలు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. విన్నదాన్ని నేను, లోకువైనదాన్నీ నేనే.

నా ముఖం చూసి తోటికోడలు నిర్మలమ్మ రెండు మూటల వడ్లు మా ఇంట్లో దింపించింది. వద్దంటే, "అత్త మీ ఇంట్లో తింటాండాది గదా అక్కా, ఆమె మాకూ అత్తే గదా" అంది. ఆ పిల్లకు మాట నేర్పినవాళ్ళు ఎవరో గానీ బాగా నేర్పారు.

ఉగాదికి వంతు సుందరరాజుకు పోతుంది. నా ముప్పై బళ్ళూ మట్టిలో కలిసిపోయాయి. అత్త రోజుకొకసారి ఆ మాట అంటూనే ఉంది. నీ లెక్కల పుస్తకాన్ని మీ వంటవాడికి ఇవ్వు, పొయ్యి రాజేసుకుంటాడు.

సంతోషమ్మ

సర్కారు ఫారం
30-1-1944

అక్కకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. నువ్వు తిట్టినందుకు కాదు. నేను పనికిమాలినవాడినని మన నాయన అనేవాడు. ఆ మాట నిజమైందేమోనని.

కానీ అక్కా, లెక్క మళ్ళీ కట్టాను. నాకంటే పెద్ద చదువు చదివిన గుమస్తా చేత కూడా కట్టించాను. తప్పు లేదు. ముప్పై బళ్ళలో అంత నత్రజని ఉండి తీరాలి. అది ఎగిరిపోయేది కాదు. పైరులోకి రాలేదంటే చేనులోకి చేరలేదనే అర్థం. అందుకని అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. ఆ ముప్పై బళ్ళూ బావి చేనులోనే పడ్డాయా? తోలింది సుందరరాజు బండి. బావికి పోయే దావ అతని మెట్ట పక్క నుంచే కదా. ఆరు రోజులూ నువ్వు బండి వెంబడే ఉన్నావా?

నేను ఎవరినీ ఏమీ అనడం లేదు. లెక్క చెప్పేది చెబుతున్నాను.

జయరావు

నడిమిపల్లె
18-12-1944

జయరావుకు,

నువ్వు జనవరిలో రాసిన మాటకు ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. ఛీ అనుకుని ఉత్తరం మడిచి బైబిల్లో పెట్టాను. కానీ మాట మడిస్తే పోతుందా? సుందరరాజు బండి మా వాకిట్లో ఆగినప్పుడల్లా గుర్తొచ్చేది. ఆ ఆరు రోజుల్లో రెండు రోజులు నేను నాట్ల కూలీల కోసం పక్క ఊరికి పోయాను. ఆ రెండు రోజులే నా బుర్రలో తిరిగాయి.

ఈ యేడు అతని వంతు. గంపెడు ఎరువు వేయలేదు, నేను చూస్తూనే ఉన్నాను. వాన మాత్రం సకాలానికి పడింది. పైరు మోకాలెత్తు రాగానే ఆకు నల్లగా తిరిగింది. మనిషి దిగితే కనపడనంత ఎత్తు. చివరికి కంకుల బరువుకు నువ్వన్నట్టే పడిపోయింది. నాకు చెప్పిన పంట అతనికి పండింది.

కళ్ళం దగ్గరకు పోయాను. పోకుండా ఉండాల్సింది. నలుగురూ ఉన్నారు. నేనే మొదలుపెట్టాను.

"గంపెడు పెంట యెయ్యకుండా ఇంత పంట యాడ్నించి వచ్చినాది సుందరరాజా?"

"నాకేం తెలుసు వదినా. వాన పడినాది, దేవుడిచ్చినాడు."

"దేవుడు నీకొకడికే ఇస్తాడా? నా ముప్పై బండ్లు యాడికి పోయినాయి? దావలో నీ మెట్ట ఉండాది గదా!"

అతను చేతిలో ఉన్న చేట కింద పెట్టాడు. "ఆ మాట నువ్వు అనినావా వదినా," అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అంతే. తిడితే బాగుండేది.

నేను కూడా ఆగలేదు. పరంధామయ్య దగ్గరకు పోయి వంతు వద్దు, చేను రెండుగా కోయండి అని అడిగాను. నీళ్ళు చాలకపోతే ఎవరి ఖర్మ వాళ్ళది. వచ్చే నెల 28వ తేదీ ఆదివారం, ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చుంటారు. సుందరరాజు మాత్రం, "కొయ్యండి, కోసినా నాకొద్దు. కోలారు గనుల్లోకి పోతా. ఆడ మన్ను తవ్వితే దొంగ అనరు," అన్నాడట. నిర్మలమ్మ మా గడప తొక్కి పదిరోజులైంది. అత్త నాతో మాట్లాడడం మానేసింది. ఆమె మాట్లాడకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

నువ్వు చెప్పింది నిజమేనని రాయి. ఇప్పుడు నాకు అదొక్కటే కావాలి.

సంతోషమ్మ

సర్కారు ఫారం
6-1-1945

అక్కా,

ఈ ఉత్తరం అందగానే పెద్దల దగ్గరకు పోయి చేను కోయవద్దని చెప్పు. మిగతాది తరువాత చదువు.

సుందరరాజు ఒక్క తట్ట కూడా తీయలేదు. తప్పంతా నాది.

మా ఫారంలో కొన్ని పాత మడులు ఉన్నాయి. ఆ వరుస నాది కాదు. పోయిన వారం ఆ వరుస తూచేవాడికి చలిజ్వరం వచ్చి నన్ను పంపారు. అక్కడ ఒక మడికి ఆరేళ్ళ కిందటి దాకా ఏటా పశువుల ఎరువు వేసి, తరువాత పూర్తిగా మానేశారట. దాని పక్క మడికి ఎన్నడూ ఏమీ వేయలేదు. రెండింటికీ నీళ్ళు ఒకటే, విత్తనం ఒకటే. తూచాను. ఆరేళ్ళుగా గంపెడు ఎరువు ఎరగని మడి, పక్కదాని కంటే ఎక్కువ తూగింది. తక్కెడ తప్పనుకుని మూడుసార్లు తూచాను. మూడుసార్లూ అంతే.

ఆఫీసరు గారిని అడిగాను. నేను ప్రశ్న అడగడం ఆయనకూ కొత్తే, టోపీ తీసి బల్ల మీద పెట్టి కూర్చోమన్నారు. ఎరువులో ఉన్న నత్రజని ఉప్పులో ఉన్నట్టు విడిగా ఉండదట. పేడలో, గడ్డిలో బిగిసి ఉంటుంది. మట్టిలో కంటికి కనపడని జీవాలు కోటానుకోట్లు ఉన్నాయి. అవి దాన్ని తిని, అరిగించుకుని, వదిలిన తరువాతే పైరుకు అందుతుంది. బాగా మాగిన ఎరువయినా మొదటి ఏడు అందేది మూడో వంతో, నాలుగో వంతో. మిగతాది రెండో ఏడు కొంత, మూడో ఏడు ఇంకొంత, అట్లా ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటుంది. ఎవరు వేశారో, ఎవరు కోసుకుంటున్నారో దానికి తెలియదు కదా.

పచ్చి ఎరువు అయితే ఇంకొక చిక్కు ఉంది. గడ్డీ తొక్కూ ఎక్కువగా ఉంటే ఆ జీవాలు ముందు తమ కడుపు నింపుకోవడానికి మట్టిలో ఉన్న నత్రజనిని కూడా లాక్కుంటాయి. అప్పుడు పైరు పసుపు తిరుగుతుంది. దిబ్బ అడుగు దాకా తవ్వించు, ఏమీ మిగల్చకు అని రాసింది నేను. మాగిందా లేదా అని ఒక్క ముక్క అడగలేదు. ఉప్పు పదిరోజుల్లో పనిచేస్తే ఎరువూ అంతే అనుకున్నాను. ఉప్పు వచ్చిపోయే చుట్టం అక్కా, ఎరువు ఇంటి మనిషి. ఆ తేడా తెలియనివాడిని నీకు సలహా చెప్పాను. అది తప్పని తేలితే ఒప్పుకోకుండా ఒక మంచి మనిషి మీద వేలు చూపించాను.

సుందరరాజు కాళ్ళు పట్టుకోమంటే వచ్చి పట్టుకుంటాను. సెలవు అడిగాను, ఇవ్వలేదు. ముందు ఆ చేను కోయకుండా ఆపు.

జయరావు

నడిమిపల్లె
4-2-1945

తమ్ముడికి,

నీ ఉత్తరం 28వ తేదీకి నాలుగు రోజుల ముందే అందింది. దాన్ని చదివి నేనేం చేశానో చెబితే, నువ్వు నన్ను అక్క అని పిలవడానికి ఆలోచిస్తావు.

మొదట సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు ఒక పూట ఉంది. సాయంత్రానికి ఇంకో బుద్ధి పుట్టింది. దొంగతనం లేదు, సరే. కానీ అతని పంటకు సత్తువ నా ఎరువుదేనని సర్కారే చెబుతోంది కదా! అయితే ఆ పంటలో నాకూ భాగం ఉండాలి, ఇంకా రెండేళ్ళు వచ్చే సత్తువ కూడా నాదే. చేను కోసేటప్పుడు బావి పక్క ముక్క నాకే రావాలి. ఇట్లా అనుకుని నీ ఉత్తరం పట్టుకుని పెద్దల ముందుకు పోయాను. నువ్వు ఆపమని రాసిన ఉత్తరాన్నే సాక్ష్యంగా చదివించాను. కాళ్ళు పట్టుకుంటానన్న ముక్క మాత్రం చదవనివ్వలేదు.

పరంధామయ్య గడ్డం నిమురుకుని, "సర్కారు కాగితమంటే మాటలా, సుందరరాజూ, నువ్వేమంటావప్పా?" అన్నాడు.

సుందరరాజు లేచి నిలబడ్డాడు. నా వైపు తిరిగి అడిగాడు.

"వదినా, అన్న పోయిన యేడు ఆ చేను మీ వంతే గదా. ఆ యేడు గంపెడు పెంట యేసినారా?"

"యాడ యేస్తాము? ఆయన మంచంలో ఉండె గదా," అన్నాను.

"వడ్లు పండినాయా?"

"పండినాయి."

"సరే," అన్నాడు. అక్కడి నుంచి వెళ్ళిపోయాడు.

నాకు అర్థం కాలేదు. ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు వెనకాల కూర్చున్న గొర్రెల కాపరి మునిరామయ్య గొంతు సవరించుకున్నాడు. అతను సభలో మాట్లాడేవాడు కాదు. చెప్పిన మాట చెప్పినట్టే రాస్తున్నాను.

"నేను చెప్పకూడదు, మాట ఇచ్చినా. అయినా చెప్తా. దానికి ముందేడు సుందరరాజు వంతు. పంట కోసినాక, ఉగాది ఇంక నెల ఉండాదనంగా నన్ను పిలిచి, బాయిచేన్లో ఇరవై దినాలు మంద కట్టప్పా అన్నాడు. నీ వంతు అయిపోయె గదా, ఇప్పుడు మంద కడితే పక్కోడికి గదా పోతాది, నీకేమన్నా పిచ్చా అన్నాను. వచ్చే యేడు మా అన్న వంతు, అన్న దగ్గుతుండాడు, ఈసారి యేమీ తోలలేడు అన్నాడు. మా వదినకు చెప్పబాక అన్నాడు. చెప్పలే. గొర్రెలు రాత్రిపూట పండుకోని పెంటేసినాయంటే ఆ చేను మూడేండ్లు పలకతాది. ఈ సంగతి తెలుసుకునేదానికి తక్కెడ పట్టుకోని ఫారానికి పోవాల్నా? మా గొర్రెలను అడిగినా చెప్తాయి."

అందరూ నవ్వారు.

జయరావూ, నీకు ఈ సంగతి తెలియదు. మీ బావ పోయిన ఏటి పంటను నేను దేవుడు కురిపించిన మన్నా అనుకున్నాను. మంచంలో మనిషి, ఇంట్లో మందుల వాసన, చేనుకు తట్టెడు ఎరువు లేదు. అయినా పండింది. ఏడాది పొడుగునా ఆ బియ్యమే తిన్నాము. ఆయనకు చివరిసారి పోసిన గంజి ఆ వడ్లదే. అందుకని ఒక ఆదివారం గుడిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. ఏ మనిషీ మాకు చేయి అందించలేదు, ఏ మనిషీ గంపెడు మన్ను వేయలేదు, దేవుడే పండించాడు అని అందరి ముందూ చెప్పాను. సుందరరాజు మగవాళ్ళ వైపు మూడో వరుసలో కూర్చుని ఉన్నాడు. అందరితోపాటు ఆమెన్ అన్నాడు.

దేవుడు ఇవ్వలేదని నేను ఇప్పుడూ అనను. ఎవరి చేతుల మీదుగా ఇచ్చాడో అడగకపోవడమే నా తప్పు.

చేను కోయవద్దని అక్కడే చెప్పాను. కోయలేదు. కానీ సుందరరాజు గురువారం పాకాలలో రైలెక్కాడు. మూడేళ్ళకు ఒప్పుకున్నాడట. నేను స్టేషను దాకా పోయాను. పెట్టె ఎక్కి అటువైపు తిరిగి కూర్చున్నాడు.

సంతోషమ్మ

సర్కారు ఫారం
20-2-1945

అక్కా,

ఏం రాయాలో తెలియక మూడు కాగితాలు చించేశాను.

సుందరరాజుకు కోలారు అడ్రసుకు ఉత్తరం రాశాను. తప్పు నాదని, అక్కది కాదని రాశాను. జవాబు వస్తుందని అనుకోవడం లేదు. నేను అతని స్థానంలో ఉంటే రాసేవాడిని కాదు.

మునిరామయ్య మాట ఆఫీసరు గారికి చెప్పాను. ఆయన నవ్వలేదు. "అతను ఎన్నేళ్ళు అన్నాడు?" అని అడిగి నోటుబుక్కులో రాసుకున్నారు.

నువ్వు నన్ను తిట్టి ఒక ఉత్తరం రాయి. నీ పోయిన ఉత్తరంలో నన్ను ఒక్క మాట కూడా అనలేదు. దానికే భయమేస్తోంది.

జయరావు

నడిమిపల్లె
24-3-1946

తమ్ముడు జయరావుకు,

ఏడాది దాటిపోయింది ఉత్తరం రాసి. నువ్వు నాలుగు రాశావు, నాలుగూ ఉన్నాయి. కోపం కాదు నాయనా. నిన్ను తిట్టడానికి నోరు తెరిస్తే ఆ తిట్టు ముందు నాకే తగులుతుంది. వేలు చూపించింది నువ్వయితే, నలుగురిలో దొంగ అన్నది నేను.

ఈ యేడు బావి చేను నా వంతు. పంట బాగానే వచ్చింది. నువ్వు చెప్పిన మూడో ఏటి సత్తువ కాబోలు. తిన్న ప్రతి ముద్దకూ ఇది ఎవరి ఎరువుదో అనుకుంటూ తిన్నాను. అత్త, "తినేటప్పుడు ఆలోచించబాకమ్మే, అరగదు," అంటుంది. అవును, మాట్లాడుతోంది.

వచ్చే వారం ఉగాది. వంతు సుందరరాజుకు పోతుంది. నిర్మలమ్మ తానొక్కతే కపిల తోలించలేనని, చేను నన్నే పెట్టుకోమని పరంధామయ్య చేత చెప్పించింది. నేను ఒప్పుకోలేదు. కోతలయ్యాక, ఉగాదికి నెల ముందు మునిరామయ్యను పిలిచి మంద కట్టమన్నాను. అతను నా ముఖం చూసి ఎన్నాళ్ళు అని కూడా అడగలేదు. ఇరవై దినాలు కట్టాడు. దాని మీద నా దిబ్బలో బాగా మాగింది ఏరి పదిహేను బళ్ళు తోలించాను. పైన పచ్చిది ముట్టుకోలేదు. ఊళ్ళో వాళ్ళు, వంతు పోయే ముందర ఎరువు తోలే పిచ్చిది అని నవ్వుకుంటున్నారు. నవ్వనీ.

మంద కట్టిన మూడో రోజు పొద్దున నిర్మలమ్మ గట్టు మీదకు వచ్చి నిలబడింది. ఏడాదిలో నాతో మాట్లాడింది అదే మొదలు. "అక్కా, ఇంక నెల దినాల్లో వంతు మారిపోతాది గదా," అంది. "మారనీమ్మా," అన్నాను. ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గొర్రెల వైపు చూస్తూ నిలబడ్డాను.

ఈ యేడు నేనూ, ఆ పిల్లా కలిసి సాగు చేస్తాము. పంట అతనిది. ఈ సంగతి సుందరరాజుకు ఎట్లా చెప్పాలో నాకు తెలియడం లేదు. నువ్వు రాస్తావా?

నీ అక్క
సంతోషమ్మ

సర్కారు ఫారం
3-4-1946

అక్కకు నమస్కారం.

నేను రాయను. ఆ ఉత్తరం నువ్వే రాయాలి. రెండేళ్ళ కిందట నీ తరపున నేను లెక్క కట్టాను, ఏమైందో చూశాము కదా.

పెద్దది రాయనక్కరలేదు.

జయరావు

నడిమిపల్లె
6-10-1946

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు చెప్పాక కూడా నాలుగు నెలలు పట్టింది నాకు. ఊళ్ళో వార్తలన్నీ రాస్తాను, ఆ ఒక్క మాట రాయడానికి చేయి కదల్లేదు. చివరికి ఆడినెలలో నాట్లు పడ్డ రోజు రాశాను. "సుందరరాజూ, నువ్వు మీ అన్నకు కట్టిన మంద సంగతి తెలిసింది. నిన్ను దొంగ అన్నాను. నన్ను క్షమించు. చేను నీ వంతులో ఉంది, ఈ రోజు నాట్లు వేశాము," అని రాశాను. ఎరువు తోలిన సంగతి రాయలేదు. రాస్తే బదులు తీర్చినట్టు ఉంటుంది. ఆ యేడు మేము తిన్న అన్నానికి నేను ఏం తోలితే బదులు తీరుతుంది?

రెండు నెలలు జవాబు లేదు. నిర్మలమ్మకు ఉత్తరం వస్తే అందులో నా పేరు ఉండేది కాదు. ఇంక రాదులే అనుకున్నాను.

నిన్న నా పేరుతోనే వచ్చింది. అతను ఇంతవరకూ ఎవరికీ సొంతంగా ఉత్తరం రాసిన మనిషి కాదు. అక్షరాలు ఒక్కొక్కటి బండరాయంత ఉన్నాయి. మాట్లాడినట్టే రాశాడు. నేను అడిగిన క్షమాపణ గురించి ఒక్క ముక్క లేదు. కళ్ళం గురించి లేదు, పెద్దల గురించి లేదు. గనిలో దిగితే పగలూ రాత్రీ ఒకటేనని, ఎక్కడ చూసినా నల్లరాయి తప్ప పచ్చటిది ఒక్కటి కనపడదని రాశాడు. కింద ఒక ప్రశ్న ఉంది.

"వదినా, పైరు ఇప్పుడు యే రంగులో ఉండాది?"

అది చదివి నేను కూర్చుని ఏడ్చాను, జయరావూ. అత్త వచ్చి కాగితం లాక్కుని, చదువు రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసి, తనూ కూర్చుంది.

ఇంట్లో కూర్చుని జవాబు రాయడం నాకు నచ్చలేదు. చేనుకు పోయాను. గట్టు మీద నిలబడి బాగా చూశాను. తప్పు రాయకూడదని ఈ మూల నుంచి ఆ మూలకు నడిచాను. అక్కడే మోకాలి మీద కాగితం పెట్టుకుని రాసి, పాకాలకు పోయే బండిలో పంపించాను.

"నల్లగా ఉంది సుందరరాజా, ఒక్క ఆకు పసుపు లేదు. పొట్ట మీద ఉంది, కంకి ఈనబోతోంది. నువ్వు వస్తే గానీ కొడవలి పెట్టనివ్వను."

సంతోషమ్మ